నిత్యజీవిత ఆవిష్కరణలు: ఇంట్లో నిలిచినవి, అటకెక్కినవి

ఇంట్లో, పొలంలో, మగ్గం దగ్గర రోజూ చేసే పనిని తేలిక చేయడానికి, ఆ పని వల్ల గాలికీ నీటికీ నేలకూ జరిగే చేటును తగ్గించడానికి పుట్టిన పరికరాలనూ పద్ధతులనూ నిత్యజీవిత ఆవిష్కరణలు అనవచ్చు. వీటిలో కొన్ని ప్రయోగశాలల్లో పుట్టాయి. కొన్ని బడి నడుమనే చదువు ఆపేసిన వాళ్ల చేతుల్లో పుట్టాయి. ఈ రెండో రకాన్ని ఊరూరా వెతికి నమోదు చేసే పని మన దేశంలో 1980ల చివర్లో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు అనిల్ గుప్తా మొదలుపెట్టిన హనీబీ నెట్‌వర్క్‌తో ఊపందుకుంది. ఆ దారిలోనే 1993లో సృష్టి అనే సంస్థ, 2000లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఏర్పడ్డాయి. తెలుగునాట ఆ బాధ్యతను విశ్రాంత బ్రిగేడియర్ పి. గణేశం నడిపే పల్లె సృజన తలకెత్తుకుంది.

ఆవిష్కరణల చరిత్రను పుట్టిన తేదీల వరుసలో చెప్పడం పరిపాటి. ఈ వ్యాసం ఇంకో కొలబద్ద తీసుకుంటుంది. కొత్త వస్తువు ఇంటికొచ్చాక ఎవరి చేతి పని తగ్గింది? ఎవరి నెత్తిన కొత్త పని పడింది? గత డెబ్బై ఏళ్ల అనుభవాన్ని ఈ ప్రశ్నతో తిరగేస్తే ఎన్నో చిక్కుముళ్లు విడిపోతాయి. శాస్త్రం ఒప్పుకున్నవి, సర్కారు పంచినవి, బహుమతులు పొందినవి కూడా రోజూ ఒక పని పెంచినందుకు మూలన పడ్డాయి. పని తగ్గించి భూమిలోని నీటిని తోడేసినవీ ఉన్నాయి. వాటి సంగతీ దాచకుండా చెప్పుకోవాలి.

ఆసు

పోచంపల్లి చీర మీద చిటికి (ఇకత్) బొమ్మ పడాలంటే నేతకు ముందే దారాన్ని లెక్క ప్రకారం పరచాలి. అర్ధచంద్రాకారపు చట్రానికి వరసగా దిగ్గొట్టిన చీలల చుట్టూ, ఈ కొస నుంచి ఆ కొసకూ తిరిగి ఈ కొసకూ పోగును తిప్పుతూ పోవాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. పోగులను కట్టలు కట్టి, బొమ్మ గీసి, రబ్బరు చుట్టి రంగుల్లో ముంచడం అంతా ఆ తర్వాతే. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. మగ్గం ఆగకుండా ఉండాలంటే రోజుకు రెండు చీరల ఆసు కావాలి. అంటే ఒకే భుజం, ఒకే మోచెయ్యి రోజుకు 18,000 సార్లు. చీర నేసిన పేరు మగ్గం మీద కూర్చున్నవాడికి వెళ్తుంది. భుజం నొప్పి మాత్రం ఆసు దగ్గర కూర్చున్న ఆడమనిషిది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మికి అదే నొప్పి. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కిన మల్లేశం 1992లో ఆసు పోసే యంత్రం మీద పని మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు లేదు, చుట్టూ నమ్మేవాళ్లు లేరు. ఒక్కో కదలికను విడదీసి, చెక్కతో, మోటారుతో, పుల్లీలతో కట్టుకుంటూ వచ్చాడు. చాలావరకు కుదిరింది గానీ చివరి కదలిక ఒకటి ఏళ్ల తరబడి చిక్కలేదు. హైదరాబాద్ వెళ్లి కరెంటు పనుల్లో చేరాడు. 1999లో బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో పని చేస్తుండగా, అక్కడి యంత్రంలో తను వెతుకుతున్న కదలిక కనిపించింది. ఊరికి పరుగెత్తుకొచ్చి దాన్ని బిగించాడు. ఆసు ఆడింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు.

ఈ యంత్రంతో చీర ఆసు గంటన్నరలో పూర్తవుతుంది. రోజుకు రెండు చీరలకు దారం పోసే ఇల్లు ఆరు చీరలకు పోయగలదు. ఆసు పోస్తున్నంతసేపూ ఆ ఇంటి ఆడమనిషి చెయ్యి ఖాళీగా ఉంటుంది. 2017లో కేంద్ర ప్రభుత్వం మల్లేశానికి పద్మశ్రీ ఇచ్చింది. 2019లో అతని కథ తెలుగులో సినిమాగా వచ్చింది.

పర్యావరణంతో దీనికి సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. చేనేత మగ్గానికి కరెంటు అక్కర్లేదు, పొగ లేదు. ఆసు పోసేవాళ్లు దొరక్క ఒక మగ్గం మూతపడితే ఆ స్థానంలోకి మరమగ్గపు బట్ట వస్తుంది. ఒక చిన్న మోటారు వాడి పెద్ద మగ్గాన్ని చేతిపనిగానే నిలబెట్టిన ఈ యంత్రం అందుకే ఈ వ్యాసంలో మొదటి చోటుకు తగినది.

పొయ్యి

మన వంటింట్లో పొగ మీద జరిగినన్ని ప్రయోగాలు మరి దేని మీదా జరగలేదేమో. వాటిలో తొలినాటి ప్రయత్నం ఒకటి హైదరాబాద్‌దే. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధన ప్రయోగశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టంతో, రెండు మూడు వంటపాత్రలు ఒకేసారి ఎక్కించే మట్టిపొయ్యిని రూపొందించి, కోట్ల ఇళ్లకు పొగలేని వంటిల్లు కావాలంటూ 1953లో ఇంగ్లీషులో చిన్న పుస్తకం రాశాడు. వార్ధాలోని మగన్‌వాడిలో పుట్టిన మగన్ చూల్హా కూడా ఆ కాలానిదే. ఆలోచనలో లోపం లేదు. కట్టెల మంటను గోడల మధ్య బంధించి, పొగను పైకప్పు దాటించి, వృథాగా పోయే వేడితో రెండో పాత్ర ఉడికించడం అనే సూత్రం ఇప్పటికీ సరైనదే.

1983లో కేంద్ర ప్రభుత్వం పొగరాని పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ఆపేసే నాటికి దేశమంతటా దాదాపు మూడున్నర కోట్ల పొయ్యిలు పంచారు. వాటిలో ఎక్కువ భాగం కొద్ది ఏళ్లలోనే పనికి రాకుండా పోయాయి. ఎందుకు? గొట్టంలో మసి పేరుకుంటే వారం వారం దులపాలి. పొయ్యి నోరు చిన్నది, చేలో ఏరి తెచ్చిన మొద్దులు పట్టవు. వాటిని చిన్నగా చీల్చాలి. రెండో కంతకు మంట చాలదు, పప్పు ఉడకదు. మట్టి బీటలు వారితే మళ్లీ మెత్తాలి. మెత్తే మేస్త్రి ఊళ్లో ఉండడు. ఈ పనులన్నీ పొగతో దగ్గే ఆ ఇల్లాలి మీదే పడ్డాయి. పంచినవాళ్లు పొయ్యిల లెక్క రాసుకున్నారు, ఆమె గంటల లెక్క రాసుకోలేదు.

ఒడిశాలో వేల కుటుంబాలను నాలుగేళ్ల పాటు పరిశీలించి రీమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఇదే చూశారు. మెరుగైన పొయ్యి ఇచ్చిన మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ కొంత తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా కనిపించలేదు. పొయ్యిని బాగు చేసుకుంటూ వాడటం ఆగిపోయింది. ప్రయోగశాలలో పొగ తగ్గించిన వస్తువు ఇంట్లో ఎందుకు తగ్గించలేదో చెప్పే ఇంత స్పష్టమైన పరిశోధనలు అరుదు. ఊరికి ఏ కొత్త పరికరం తేవాలన్నా ముందు దీన్ని చదవాలని ఈ రచయిత గట్టి నమ్మకం.

పొగను నిజంగా తగ్గించింది గ్యాస్ బండ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో దేశమంతటికీ ఉజ్వల వచ్చింది. అగ్గిపుల్ల గీస్తే మంట, తిప్పితే ఆగుతుంది, గిన్నెకు మసి అంటదు, కట్టెలకు పోనక్కర్లేదు. చెప్పి ఒప్పించాల్సిన అవసరమే రాలేదు. బండ ధర పెరిగిన నెలల్లో మాత్రం చాలా ఇళ్లలో పెరట్లోని కట్టెల పొయ్యి మళ్లీ రాజుకుంటుంది. నీళ్లు కాచుకోవడానికైతే అది ఎన్నడూ ఆరలేదు.

గోబర్ గ్యాస్ కథ ఈ రెండింటికీ నడిమధ్యన ఉంది. పేడను గాలి తగలని గుంతలో పులియబెడితే మీథేన్ వస్తుంది. మిగిలిన మడ్డి పొలానికి మంచి ఎరువు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960ల తొలినాళ్ల నుంచి తేలే ఇనుప డ్రమ్ము నమూనాను ఊళ్లకు చేర్చింది. ఇనుము తుప్పు పట్టేది, ఖర్చెక్కువ. 1984లో అఫ్‌ప్రో సంస్థ తెచ్చిన దీనబంధు నమూనా మొత్తం ఇటుక కట్టడమే కావడంతో చవకైంది. అయినా ప్రతిరోజూ పేడ ఎత్తి, సరిసమానంగా నీళ్లు కలిపి, కలియబెట్టి పోయడం తప్పదు. ఎడ్లు, బర్రెలు నిండుగా ఉన్న ఇళ్లలో అది మామూలు పనుల్లో కలిసిపోయింది. ట్రాక్టరు వచ్చి ఎడ్లు వెళ్లిపోయిన ఇంట్లో గుంత ఎండిపోయింది.

అదే శాస్త్రం హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో మరో రూపంలో బాగా కుదురుకుంది. కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, కాడలు ఒకప్పుడు చెత్తకుప్పకు పోయేవి. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ పద్ధతితో కట్టిన ప్లాంటు రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాన్ని గ్యాసుగా మార్చి, సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తుంది. మార్కెట్ దీపాలు వెలగడానికీ, క్యాంటీన్ వంటకూ అది అక్కరకొస్తోంది. ఇక్కడ కలియబెట్టే పనికి జీతం ఉంది. అందుకే ఆగలేదు.

నల్లగొండ పేరు మోసిన నీటిశుద్ధి

మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయి, నడుము వంగిపోయే ఆ జబ్బు తర్వాతి దశాబ్దాల్లో నల్లగొండకు చెరగని ముద్ర వేసింది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు లేని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. నల్లగొండ బోరునీటిలో అది ఎన్నో రెట్లుండేది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో దీనికొక విరుగుడు కనిపెట్టారు. దానికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. బకెట్ నీళ్లలో కాస్త సున్నం, బ్లీచింగ్ పౌడరు, తగినంత పటిక వేసి, ముందు జోరుగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కలపాలి. గంట సేపు కదపకుండా ఉంచితే పటికతో పుట్టిన తెల్లటి పీచు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి చేరుతుంది. అడుగుకు కాస్త పైన బిగించిన కొళాయి నుంచి తేట నీటిని పట్టుకోవాలి. కరెంటు వద్దు, దిగుమతి సామగ్రి వద్దు. ఈ పద్ధతి తూర్పు ఆఫ్రికా దేశాలకు కూడా వెళ్లింది.

పేరిచ్చిన జిల్లాలోనే అది ఇంటింటి అలవాటు కాలేదు. బావిని బట్టి పటిక మోతాదు మారుతుంది. తక్కువైతే విషం మిగులుతుంది, ఎక్కువైతే నీళ్లు వగరు. అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? వర్షంలో, నాట్ల కాలంలో, పెళ్లింట్లో, పురుటింట్లో ఒక్కరోజు మానితే ఆ రోజు మళ్లీ బోరు నీళ్లే. నల్లగొండ జనానికి చివరికి ఉపశమనం ఇచ్చింది పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లు, 2016లో మొదలైన మిషన్ భగీరథ. పటిక, సున్నం పద్ధతి కనిపెట్టిన శాస్త్రవేత్తల పట్ల గౌరవం ఏమాత్రం తగ్గించకుండానే ఒక మాట చెప్పాలి. ఊరంతటికీ కలిపి ఒక చోట చేయాల్సిన శుద్ధిని ఒక్కో ఇల్లాలి బకెట్‌కు అప్పగించడం అన్యాయం.

మోటారు, మడవ, గొట్టం

పొలం నీటి దగ్గర పనికీ ప్రకృతికీ మధ్య ముడి మరింత బిగుసుకుంటుంది. వ్యవసాయానికి కరెంటు రాత్రిళ్లు వచ్చిన కాలంలో రైతు టార్చిలైటు పట్టుకుని చీకట్లో మోటారు దగ్గరికి పోయేవాడు. పాములు, తేళ్లు, తడి తీగల షాకులు. ఆ దారిలో ప్రాణాలు పోయాయి. కరెంటు రాగానే దానంతట అదే మోటారును నడిపే ఆటోస్టార్టర్ చిన్న పెట్టె, రైతు నిద్రను కాపాడిన గొప్ప వస్తువు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ వచ్చింది. ఆటోస్టార్టర్ ఉంటే మోటారు రాత్రింబవళ్లు నడుస్తుంది, నీళ్లు అవసరమున్నా లేకున్నా పారతాయి, బోరు అడుగంటుతుంది. వాటిని తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. రైతు ప్రాణాన్ని కాపాడిన పెట్టె బోరు ప్రాణం మీదికి తెచ్చింది. ఈ రెండు నిజాలూ నిజాలే.

దీనికి భిన్నంగా పని, నీరు రెండూ మిగిల్చినది డ్రిప్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 నవంబరులో సూక్ష్మసేద్యానికి ప్రత్యేక ప్రాజెక్టు పెట్టింది. అనంతపురం, చిత్తూరు తోటల్లో డ్రిప్ అంత తొందరగా పాకడానికి నీటి పొదుపు ఒక్కటే కారణం కాదు. కాలువ నీళ్లు పారించాలంటే పార పట్టుకుని ఒక్కో మడికీ మడవ కట్టాలి, తెంచాలి, మళ్లీ కట్టాలి. డ్రిప్ ఉంటే ఒక కవాటం తిప్పితే చాలు. చెట్టు మొదట్లోనే తడి పడుతుంది కాబట్టి కలుపూ తక్కువే. గొట్టాల చిల్లులు ఉప్పునీటితో పూడుకుపోవడం, ఉడతలు కొరకడం రైతు నోట తరచూ వినిపించే ఫిర్యాదులు. అయినా మడవ కట్టే కష్టం తెలిసినవాళ్లు డ్రిప్‌ను వదలరు.

వరిలో శ్రీ పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మడగాస్కర్‌లో 1983 ప్రాంతంలో ఫ్రెంచి మతగురువు ఆన్రీ ద లోలానీ రూపొందించిన ఈ పద్ధతిని 2003లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆలపాటి సత్యనారాయణ తెలుగు రైతుల దగ్గరికి తెచ్చారు. 8 నుంచి 12 రోజుల లేత నారు, చదరపు సాళ్లలో 25 సెంటీమీటర్లకు ఒక్కటే మొక్క, నిలవ నీళ్లు లేని తడి, కలుపును మట్టిలో కలిపే చక్రాల పరికరం కోనో వీడర్. ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. మామూలు నాట్లకు అందుకు పది రెట్లకు పైగా కావాలి. పిలకలు విరగబూసినట్టు వస్తాయి. దాని శాస్త్రీయతను శంకించాల్సిన పని లేదు. కానీ కాడంత లేని లేత నారును పీకి, తాడు పట్టి, లెక్కగా ఒక్కొక్కటి నాటడం నాట్ల కూలీలకు తలకు మించిన పనైంది. వీడర్‌ను బురదలో తోయడం ఆడవాళ్లకు మరీ కష్టం. శ్రీ వరి అనుకున్నంతగా విస్తరించలేదు. దాని మెరుగులు అంతగా లేకపోయినా నారు, నాట్లు రెండూ అక్కర్లేని వెదజల్లే పద్ధతి మాత్రం ఎవరూ ప్రచారం చేయకముందే గట్లు దాటింది.

ఇదే వరిలో ఒక చిన్న గొట్టం పెద్ద పని చేస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన తడి-ఆరుతడి పద్ధతిలో, ఒక అడుగు పొడవున్న ప్లాస్టిక్ లేదా వెదురు గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి మడిలో పాతుతారు. గొట్టంలోకి తొంగి చూస్తే నేలలోపల నీరు ఎంత లోతున ఉందో తెలుస్తుంది. మట్టి పైభాగానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం నీళ్లు నిలపాలి. వరి వేళ్లు ఆ లోతు నీటిని అందుకోగలవు కాబట్టి దిగుబడి పడిపోదు. నీళ్లు 30 శాతం దాకా ఆదా అవుతాయి. మడి ఎప్పుడూ నీటి కింద ఉంటే గాలి తగలని మట్టిలో మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మధ్యలో ఆరబెడితే ఆ మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది. రైతుకు మోటారు వేయాల్సిన రోజులు తగ్గుతాయి. ఇంత చవకైన వాతావరణ పరికరం మరొకటి లేదు. మనవాళ్లు దీన్ని ఇంకా చాలినంతగా పట్టించుకోలేదన్నది ఈ రచయిత బాధ. కారణమూ ఊహించవచ్చు. కరెంటు ఉచితమైన చోట, పొదుపు చేసిన నీరు రైతు జేబులో రూపాయిగా కనిపించదు.

చల్లదనం, వెలుగు

2001 జనవరి 26 భుజ్ భూకంపంలో పగిలిన కుండల ఫోటో కింద పేదవాడి ఫ్రిజ్ పగిలిందన్న వ్యాఖ్య చూసి, గుజరాత్ వాంకానేర్‌కు చెందిన కుమ్మరి మన్‌సుఖ్‌భాయి ప్రజాపతికి మట్టితోనే ఫ్రిజ్ చేయాలన్న ఆలోచన కలిగింది. అదే మిట్టీకూల్. పై అరలో 20 లీటర్ల నీళ్లు. ఆ తడి గోడల్లోకి ఇంకి ఆవిరవుతూ లోపలి అరలను చల్లబరుస్తుంది. కూరగాయలు కొన్ని రోజులు వాడిపోకుండా ఉంటాయి. వేసవిలో రంజన్ నీళ్లు ఎందుకు చల్లబడతాయో తెలిసిన వాళ్లకు ఇందులో వింత లేదు. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా కుండలో కుండ పెట్టి నడుమ తడి ఇసుక నింపి చేసిందీ, ఢిల్లీలోని పూసా సంస్థ ఇటుక గోడల నడుమ ఇసుకతో కట్టిన కూరగాయల అరా ఈ సూత్రంతోనే పనిచేస్తాయి. గాలి పొడిగా ఉంటేనే నీరు జోరుగా ఆవిరవుతుంది. కాబట్టి మే నెలలో ఆదిలాబాద్‌లోనో కర్నూలులోనో ఇవి భేషుగ్గా పనిచేస్తాయి. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో చల్లదనం అంతగా తెలియదు. ఈ సంగతి చెప్పకుండా అమ్మితే కొన్నవాళ్లకు నిరాశే.

వెలుగు విషయానికొస్తే చెప్పాల్సింది తక్కువ, జరిగింది ఎక్కువ. నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. నీలి కాంతి చేరితేనే తెల్లని వెలుగు సాధ్యం. మరుసటి ఏడాది జనవరిలో కేంద్రం ఉజాల పథకం మొదలుపెట్టి 36 కోట్లకు పైగా బల్బులు చవకగా పంచింది. టోకున కొనడంతో, 2014లో 300 రూపాయలు దాటిన బల్బు రెండేళ్లలో 40 లోపుకు దిగింది. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. మార్చడానికి ఎవరూ కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు, పాత హోల్డర్‌లోనే తిప్పితే చాలు. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ స్థానంలో వచ్చిన 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ కూడా ఇదే దారిలో ఉంది. ఖరీదు ఇంకా దిగాలి.

రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే సౌర ఫలకాలు మరో ఉపాయం. దాదాపు 500 ఎకరాల నీటిని కప్పుతూ, నేల అడగకుండా కరెంటు ఇస్తాయి. నీడ పడిన మేరకు నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, నీటి చల్లదనంతో ఫలకాలూ మెరుగ్గా పనిచేస్తాయి.

చెంచా, సంచి, రోడ్డు

తినేసే చెంచా ప్లాస్టిక్ సమస్యకు జవాబుగా ప్రపంచానికి తెలుసు. దాని మూలం మాత్రం నీటిలో ఉంది. హైదరాబాద్‌లో ఇక్రిశాట్‌లో పనిచేసిన నారాయణ పీసపాటి భూగర్భజలం ఎందుకు పడిపోతోందో అధ్యయనం చేశారు. చవక కరెంటు, దాని వెంట వరి, వరి వెంట బోర్లు. జొన్న తినడం మానేయడంతో జొన్న పండించడమూ మానేశారు. జొన్నకు కొత్త గిరాకీ పుడితే రైతు మళ్లీ అటు తిరుగుతాడని ఆయన ఆశ. ఆరితే గట్టిపడే జొన్నరొట్టె ముక్కతో కూర తోడుకుని తినడం పొలాల్లో చూడటం వల్ల చెంచా ఆలోచన వచ్చింది. 2010లో బేకీస్ పేరుతో జొన్న, బియ్యం, గోధుమ పిండి కలిపి కాల్చిన చెంచాలు చేశారు. తింటే కడుపులోకి, పారేస్తే నేలలోకి. కడిగే పని కూడా ఉండదు.

తిరుమలలో 2021లో లడ్డూ ప్రసాదానికి మొక్కజొన్న పిండి సంచులు వచ్చాయి. వాటిని డీఆర్‌డీవో హైదరాబాద్ ప్రయోగశాల రూపొందించింది. క్షిపణుల పదార్థాలు చేసే చోట పుట్టిన సంచి మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతుందని చెప్పారు. లడ్డూ నెయ్యికి తట్టుకోవాలి, క్యూలో నలిగినా చిరగకూడదు. ఆ రెండూ కుదిరాయి.

ప్లాస్టిక్ ఇప్పటికే పేరుకుపోయిన చోట ఏం చేయాలి? మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ 2002లో తొలి ప్లాస్టిక్ రోడ్డు వేయించారు. కంకరను దాదాపు 170 డిగ్రీలకు వేడి చేసి, తురిమిన సంచుల ముక్కలను దానిపై చల్లితే కరిగి పలుచని పొరలా అంటుకుంటుంది. ఆ పైన తారు కలుపుతారు. రాయికీ తారుకూ పట్టు పెరిగి, వానకు గుంతలు తక్కువ పడతాయి. కిలోమీటరుకు సుమారు ఒక టన్ను ప్లాస్టిక్ అక్కరకొస్తుంది, ఆ మేరకు తారు మిగులుతుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేడికి క్లోరిన్ కలిసిన విషవాయువు వదిలే పీవీసీని మాత్రం ఇందులో వేయకూడదు. వేరు చేసే పని చెత్త ఏరుకునే వాళ్లది. చేతికి తొడుగు, తగిన కూలి ఇవ్వకుండా ఆ పనిని వాళ్లకు వదిలేసిన చోట ఈ రోడ్డు గొప్పదనం సగమే.

కోయంబత్తూరు అరుణాచలం మురుగనాథం 1998 నుంచి చవక సానిటరీ ప్యాడ్ కోసం పడిన పాట్లు చాలామందికి సినిమాగా తెలుసు. ఆయన యంత్రంలో అసలు తెలివి దాని చిన్నతనంలో ఉంది. ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లే నడిపి, ఊళ్లోనే అమ్ముకునేంత చిన్నది. ప్యాడ్‌లోని ప్లాస్టిక్ పొర చింత మిగిలింది. యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అమ్మాయిలు చెరువులను కమ్మేసే గుర్రపుడెక్క గుజ్జుతో, వేప, పసుపు కలిపి ప్యాడ్ చేసి చూపడం ఆ చింతకు వచ్చిన జవాబుల్లో ఒకటి. ఆ బడికి కావాల్సిన ముడిసరుకు ఊరి చెరువులోనే ఉంది.

వెతికేవాళ్లు, మిగిలిన పనులు

పల్లె సృజన కార్యకర్తలు ఊళ్ల మధ్య కాలినడకన తిరిగే చిన్న శోధయాత్రల్లో ఇలాంటి ఆవిష్కర్తలను కలుస్తారు. రైతు చెప్పింది రాసుకుంటారు, పేటెంటుకు దారి చూపుతారు, తెలుగులో పత్రిక వేసి పక్క ఊరికి చెబుతారు. మల్లేశం యంత్రం బయటి లోకానికి తెలియడంలో వాళ్ల చెయ్యి ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఇన్నోవేషన్ సెల్ ఇంటింటా ఇన్నోవేటర్ పేరుతో జిల్లాల వారీగా ప్రదర్శనలు పెడుతోంది. పేటెంటు కాగితం రావడంతో కథ అయిపోదు. యంత్రం చెడితే బాగుచేసే మనిషి బస్సు ఛార్జీ దూరంలో ఉన్నాడా, విడిభాగం ఆలేరు దుకాణంలో దొరుకుతుందా అన్నది తేలాలి. ఆసు యంత్రాన్ని చేసినవాడు ఆలేరు పక్కనే ఉన్నాడు.

ఏ యంత్రమూ ఇంకా సరిగా చేరని పనులు చాలానే మిగిలాయి. గుంటూరు, ఖమ్మం చేలల్లో మిరపకాయ ఒక్కసారిగా పండదు. ఒకే కొమ్మకు పండు, దోర, పచ్చి కాయలు కలిసి వేలాడతాయి. పండినది మాత్రమే కోయాలి, కొమ్మ విరగకూడదు, పూత రాలకూడదు. అందుకే నడుము వంచి చేత్తో ఏరాల్సిందే. ఒక కోత అయ్యాక కొన్ని వారాలకు మరొకటి, ఆపైన ఇంకొకటి. ఎండకు తోడు కాయల ఘాటు చేతులకు, కళ్లకు అంటుకుంటుంది. రాత్రి అన్నం కలిపినా వేళ్లు మండుతాయి. దూరపు ఊళ్ల నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చిన ఆడవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ చేలల్లోనే గుడారాలు వేసుకుని ఈ పని చేస్తారు.